పిలుపులమ్మ కనుమ

నల్లమలలో ఎద్దులకొండ మల్లన్న దర్శనానికి కాలినడకన వెళ్లే యాత్రికులు కొండ చేరకముందు ఒక ఇరుకైన కనుమ దాటాలి. రెండు పక్కలా నల్లరాతి గోడలు, నడుమ ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నని బాట. ఆ బాట మలుపు తిరిగే చోట గోపురమూ ప్రాకారమూ లేని చిన్న గుడి ఒకటి ఉంది. లోపల నిలువెత్తు బండ మీద ఒక స్త్రీ రూపం చెక్కి ఉంటుంది. ఆమె కూర్చుని, ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండో చెయ్యి నోటి పక్కన పెట్టుకుని ఎవరినో పిలుస్తూ ఉంటుంది. ఈమెనే పిలుపులమ్మ అంటారు. ఈ తల్లికి పట్టుచీరలు కట్టరు. కుట్టు లేని తెల్లని నూలుగుడ్డ చుడతారు. గుడికి కొంచెం దిగువన ఒక ముస్లిం పెద్దమనిషి సమాధి ఉంది. ఇక్కడికి వచ్చినవారు దానికీ దండం పెట్టకుండా వెళ్లరు.

ఈ మధ్య కొందరు ఈ తల్లి పార్వతీదేవి అంశ అనీ, ఏదో రాక్షసుణ్ణి చంపి ఇక్కడ వెలిసిందనీ కరపత్రాలు అచ్చువేసి బస్టాండు దగ్గర పంచుతున్నారు. విగ్రహం కళ్లు తెరిచిందని కూడా రాశారు. అవి కట్టుకథలు. యాత్రికులు నమ్మవద్దని మనవి. పిలుపులమ్మ ఒక మగ్గం ఇంటి ఇల్లాలు. ఆమె ఎవరినీ చంపలేదు. ఆమె ఎలా చనిపోయిందో ఈ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు. ఆ కథను అందంగా మార్చి చెప్పడం మాకు చేతకాదు.

ఈ బాట చాలా పాతది. కాషాయం కట్టిన బౌద్ధ భిక్షువులు ఈ దారినే నడిచేవారని పెద్దలు చెబుతారు. నవాబుల కాలంలో మక్కాకు పోయేవారు ఈ కనుమ దాటి బందరు రేవుకు వెళ్లి ఓడ ఎక్కేవారు. ఇప్పుడు శివమాల వేసుకున్నవారే కాదు, మరియమాత తిరునాళ్లకు పాదయాత్ర చేసే క్రైస్తవులు కూడా ఇటే పోతారు. ఏ మతం వాడైనా యాత్రికుడి చూపు ముందుకే ఉంటుంది. పోవలసిన దేవుడు ముందున్నాడు, వదిలి వచ్చిన ఇల్లు వెనక ఉంది. వెనకున్నదాన్ని మనసులో నుంచి తీసేస్తే తప్ప యాత్ర పండదని అన్ని మతాల పెద్దలూ ఏదో ఒక మాటలో చెప్పారు. ఆ మాట ఈ కనుమలో ఒక ప్రాణం తీసింది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఈ చోటును మాయకనుమ అనేవారు. కనుమకు దిగువన ఉన్న తొగటవారిపల్లెలో అప్పుడూ ఇప్పుడూ నేతపనివారే ఎక్కువ. మల్లన్న గుడి శిఖరానికి శివరాత్రినాడు పాగా చుట్టే హక్కు వారిది. ఏటా ఒక ఇంటికి ఆ వంతు వస్తుంది. వంతు వచ్చిన ఇంటి మగ్గం మీద ఏడాది పొడుగునా దేవుడి గుడ్డ తప్ప వేరే గుడ్డ నేయరు. రోజుకు ఒక మూర నేస్తారు. ఒళ్లు బాగున్నా బాగలేకపోయినా ఆ మూర ఆగకూడదు. శివరాత్రి దగ్గర పడగానే ఇంటాయన ఆ గుడ్డను మూటకట్టి తలమీద పెట్టుకుని బయలుదేరతాడు. కొండ చేరేవరకు మూటను నేల మీద దించకూడదు. ఎవరితోనూ మాట్లాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే ఏడాది నేత అంతా మైలపడుతుందనీ, ఆ ఇంటికి అరిష్టమనీ వారి నమ్మకం.

ఈ కథ జరిగిన ఏడు వంతు చౌడప్పది. అతని భార్య సుంకమ్మ. వారికి పుట్టిన పిల్లల్లో ఇద్దరు పాలు తాగే వయసులోనే పోయారు. మిగిలింది ఓబులి ఒక్కతే. ఈ బిడ్డనైనా దక్కించమని చౌడప్ప మల్లన్నకు మొక్కుకున్నాడు. అందుకే ఆ గుడ్డను అతను నేసినంత శ్రద్ధగా ఊళ్లో ఇంకెవరూ నేయలేదని చెప్పుకుంటారు. పోగు తెగితే కళ్లకు అద్దుకుని ముడివేసేవాడట. సుంకమ్మ గంజి కాచి, కండెలు చుట్టి, మగ్గం గుంట పక్కనే కూర్చుని బిడ్డను ఆడించేది. ఆ ఏడాదంతా ఆ ఇంట్లో భయమూ ఆశా రెండూ ఉన్నాయి.

బయలుదేరే ముందు కులపెద్ద సంజన్న చౌడప్పను కూర్చోబెట్టి, ప్రతి ఏడూ చెప్పే మాటే చెప్పాడు.

"కనుమలో మాయ ఉంటాది చౌడా. నీ ఇంటోళ్ల గొంతుతోనే పిలుస్తాది. నీ పెండ్లాము గొంతు ఎత్తుకుంటాది, బిడ్డ పేరు చెప్తాది, ఏడుస్తాది. అదంతా స్వామి నిన్ను సూసేదానికి పెట్టిన పరీచ్చ. తిరిగితివా, నీ మొక్కు ఆడికాడికే."

చౌడప్ప ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకోకపోతే బాగుండేదని ఈ కథ విన్న ప్రతివాడికీ అనిపిస్తుంది. కానీ బిడ్డ ప్రాణం కోసం పోతున్నవాడు పెద్దల మాట గాలికి వదిలేస్తాడా?

అతను పొద్దున వెళ్లాడు. మధ్యాహ్నానికి ఓబులికి జ్వరం వచ్చింది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయి, కళ్లు తేలవేసి, "నాయనా, నాయనా" అని కలవరించసాగింది. మందు ఇచ్చే అవ్వ వచ్చి నాడి చూసి పెదవి విరిచింది. "రేపటికి నిలిచేది కష్టం. వాళ్ల నాయన్ని పిలిపించండి, కడసారి చూపన్నా దక్కుతాది" అంది.

పిలిపించడానికి ఎవరూ కదలలేదు. పాగా మోసేవాణ్ణి వెనక్కి పిలిస్తే ఆ పాపం పిలిచినవాడి వంశానికి చుట్టుకుంటుందని ఊరంతా నమ్మేది. సుంకమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఆమె తోడబుట్టిన తమ్ముడు కూడా తల వంచుకున్నాడు. చివరికి ఆమె బిడ్డను పొరుగింటి పుల్లమ్మ ఒడిలో పెట్టి, "ఒక్కపూట సూసుకో అక్కా, నేనే పోతా" అని కొంగు బిగించి బయలుదేరింది. తిండి లేదు, చేతిలో నీళ్ల ముంత కూడా లేదు. దారంతా ఆమె ఏమనుకుంటూ నడిచిందో మనకు తెలియదు. బిడ్డ దగ్గర ఉండాలా, బిడ్డ అడిగినవాణ్ణి తేవాలా అన్న బాధ ఏ తల్లికైనా చాలు.

చౌడప్ప ఆ రాత్రి కనుమ మొదట్లో మూట తలమీదే పెట్టుకుని కూర్చుని, తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టాడు. సుంకమ్మ కనుమలోకి వచ్చేసరికి అతని తలమీది తెల్లమూట పై మలుపులో కనిపించింది. దాన్ని చూసి ఆమె బాట వదిలి అడ్డంగా బండల మీదుగా ఎక్కబోయింది. కాలు జారింది. రాళ్ల మధ్య పడి నడుము విరిగింది, తల పగిలింది. ఇక లేవలేకపోయింది. ఒక చెయ్యి నేలకు ఆనించుకుని, రెండో చెయ్యి నోటి పక్కన పెట్టుకుని పిలిచింది.

"ఓ ఓబులి నాయనా!"

చౌడప్ప నిలబడ్డాడు.

"ఓబులికి జరమొచ్చిండాది. నిన్నే పిలుస్తాండాది. తిరుగప్పా. నీ కాళ్లు మొక్కుతా, ఒక్కసారి తిరుగు."

అతను అక్కడే నిలబడి అంతా విన్నాడు. అది సుంకమ్మ గొంతే. కొంచెం కూడా తేడా లేదు. కులపెద్ద చెప్పింది అక్షరాలా జరుగుతోందని అతనికి అనిపించింది. మాయకు తన బిడ్డ పేరు కూడా తెలుసు. ఇప్పుడు తిరిగితే బిడ్డ పోతుంది, తిరగకపోతే బతుకుతుంది. ఇదే అతని లెక్క. అతని కళ్లవెంట నీళ్లు ధారలు కట్టాయి. "మల్లన్నా, మల్లన్నా" అని గట్టిగా అనుకుంటూ ముందుకు నడిచాడు. వెనక పిలుపు ఇంకా వినిపిస్తూనే ఉంది. అతను అడుగు తప్పలేదు.

ఆ వేళకే ఎదురుదారిన ఒక ముసలాయన దిగి వస్తున్నాడు. ఆయన దూదేకుల నబీసాబు. ఊరూరా తిరిగి దూది ఏకి బతికినవాడు. జీవితంలో ఒక్కసారైనా మక్కా చూడాలని చిరకాలంగా కోరుకుని, చివరికి బందరుకు పోయే ఒక గుంపుతో బయలుదేరాడు. కాళ్లు సహకరించక గుంపుకు వెనకబడ్డాడు. ఆయన భుజాన ఒక సంచి, సంచిలో అక్కడ కట్టుకోవలసిన కుట్టులేని తెల్లబట్టలు ఉన్నాయి. మక్కాకు వెళ్లి వచ్చినవారు ఆ బట్టలనే తమ చావుకు దాచుకుంటారు. పాగా మోసుకుంటూ ఏడుస్తూ వస్తున్న మనిషిని చూసి ఆయన పక్కకు తప్పుకుని సలాం చేశాడు. దేవుడి మీద ప్రేమతో ఏడుస్తున్నాడనుకున్నాడు.

తరువాతి మలుపులో ఆయనకు సుంకమ్మ ఇంకా అలాగే కూర్చుని పిలుస్తూ కనిపించింది. దగ్గరికి పోయి తన తోలుతిత్తిలోని నీళ్లు నోట్లో పోశాడు. ఆమె తన సంగతి చెప్పి, పై మలుపు వైపు చెయ్యి చూపించింది. నబీసాబు అక్కడి నుంచే గొంతెత్తి పిలిచాడు. జవాబు రాలేదు. పోయి ఆపుదామని లేవబోయాడు. సుంకమ్మ ఆయన అంగీ అంచు పట్టుకుని వదలలేదు.

"పోవద్దు తాతా. నేనింక ఎంతోసేపు ఉండను. ఒక్కదాన్నే పోలేను."

ఆయన కూర్చుండిపోయాడు. ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. కొంతసేపటికి ఆమె మళ్లీ అంది. "నిలబడె తాతా. నేను చెప్పిందంతా ఇనె. ఇని పాయె. నా గొంతును మాయ అనుకున్నెట్టుండాడు." ఆ తరువాత బిడ్డ గురించి అడిగింది, ఆయన దగ్గర జవాబు ఉంటుందన్నట్టు. "మళ్లీ ఈ దోవనే వస్తాడు. చెప్పు" అన్నది ఆమె ఆఖరి మాట.

నబీసాబు సంచి విప్పాడు. తెల్లబట్టలు తీసి ఆమెను నిండుగా కప్పాడు. అవి తప్ప ఆయన దగ్గర కప్పడానికి ఇంకేమీ లేదు. మట్టి తవ్వలేక రాళ్లు మోసుకొచ్చి పైన పేర్చాడు. ముసలి చేతులు పగిలిపోయాయి. పని అయిపోయాక బందరు దారి పట్టవచ్చు. గుంపు ముందుంది, ఓడ గాలి కోసం ఎదురుచూస్తోంది. ఆ గాలి తప్పితే మళ్లీ ఏడాది, ఆయన వయసుకు ఇంకో ఏడాది అంటే నమ్మకం లేదు. ఆయన వెళ్లలేదు. ఆ రాళ్ల పక్కనే కూర్చున్నాడు. చెప్పమని అడిగిన మాట చెప్పకుండా దేవుడి ఇంటికి ఏ ముఖంతో పోవాలి అని ఆయన తరువాత ఎవరితోనో అన్నాడట.

కొండ మీద చౌడప్ప పాగా శిఖరానికి చుట్టాడు. జనం అతని కాళ్ల మీద పడ్డారు. కనుమలో మాయ తన భార్య గొంతుతో పిలిచినా తాను తిరగలేదని అతను అందరికీ చెప్పాడు. పెద్దలు మెచ్చుకున్నారు. ఇంత గట్టివాణ్ణి చూడలేదన్నారు. ఆ మెప్పంతా వెంటబెట్టుకుని, ప్రసాదం మూట చంకన పెట్టుకుని, బిడ్డకు ఏమేమి చెప్పాలో తలచుకుంటూ అతను కనుమ దిగాడు.

మలుపులో రాళ్లకుప్ప, దాని పక్కన ముసలాయన కనిపించారు.

"తొగటవారిపల్లె చౌడప్పవేనా నాయనా?"

"ఔ. నీకెట్ల తెలుసు?"

నబీసాబు జవాబుగా, "ఓ ఓబులి నాయనా, ఓబులికి జరమొచ్చిండాది, నిన్నే పిలుస్తాండాది" అని, తాను విన్న మాటలు విన్నట్టే చెప్పాడు. చౌడప్ప రాళ్ల వైపు చూశాడు. ఒక రాయి పక్కకు తీశాడు. తెల్లగుడ్డ కనిపించగానే ఆ రాయి మళ్లీ అక్కడే పెట్టాడు.

ఇంటికి పోయేసరికి ఓబులి బతికి ఉంది. పుల్లమ్మ ఆ రాత్రంతా తడిగుడ్డ వేసి, కషాయం పోసి కాపాడింది. జ్వరం దిగి, బిడ్డ లేచి కూర్చుని గంజి తాగుతోంది. ఊరంతా ఇది మల్లన్న మహిమ అంది. బిడ్డను దక్కించమని మొక్కాడు, బిడ్డ దక్కింది, ఇంకేం కావాలి అంది. చౌడప్పకు ఆ మాట మింగుడు పడలేదు. దేవుడు తన మొక్కు తీర్చాడో, తనతో ఆడుకున్నాడో అతనికి ఎప్పటికీ తెలియలేదు.

స్థలపురాణాల్లో ఇక్కడ ఒక కల రావాలి. దేవుడు కలలో కనిపించి, నీ తప్పు లేదు, ఫలానా చోట గుడి కట్టు అని చెప్పాలి. చౌడప్ప అలాంటి కల కోసం చాలాకాలం ఎదురుచూశాడు. ఉపవాసాలు చేసి గుడి గడపలో పడుకున్నాడు. ఏ కలా రాలేదు.

ఓబులి కొంచెం పెద్దదయ్యాక, ఊళ్లో పిల్లలు ఏదో అంటే విని వచ్చి తండ్రిని అడిగింది.

"నాయనా, అమ్మ పిలిస్తే నీకు ఇనపడలేదా?"

అబద్ధం చెప్పడానికి అతనికి అంతకన్నా మంచి అవకాశం రాదు. దూరంగా ఉన్నాను, గాలి ఎక్కువగా ఉంది అంటే ఆ పిల్ల నమ్మేది.

"ఇనపడింది తల్లీ" అన్నాడు చౌడప్ప.

ఆ పిల్ల లేచి పోయి పుల్లమ్మ ఇంట్లో పడుకుంది. మర్నాడు చౌడప్ప ఉలి పట్టుకుని కనుమకు వెళ్లాడు. అతను శిల్పి కాడు. సుంకమ్మ చివరగా ఎలా కూర్చుని పిలిచిందో చూసినవాడు నబీసాబు ఒక్కడే. ఓడ తప్పిన ఆ ముసలాయన ఊరికి తిరిగిపోకుండా కనుమలోనే గుడిసె వేసుకున్నాడు. ఆయన చెబుతుంటే చౌడప్ప చెక్కాడు. అందుకే ఈ విగ్రహం ముక్కూ మొహమూ సరిగా ఉండవు, చెయ్యి మాత్రం సరిగా ఉంటుంది.

ఆ శివరాత్రికి పాగా మోసే వంతు వేరే ఇంటిది. ఆ మనిషి మలుపు దాటగానే చౌడప్ప వెనక నుంచి పేరుపెట్టి పిలిచాడు. అతను మాయ అనుకుని నడిచిపోతూంటే ముందుకు పరిగెత్తి అడ్డం నిలబడ్డాడు. కులపెద్ద సంజన్న మండిపడ్డాడు. పంచాయితీ పెట్టారు. అక్కడ చౌడప్ప లేచి అన్న మాటలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మాయ పిలిస్తే తిరిగినామనుకో, గుడ్డ చెడిపోతాది. గుడ్డ మల్లా నేస్తాం. మనిషి పిలిస్తే తిరక్కపోతే ఏమైతాదో నా ఇంటికొచ్చి సూడండి. ఏది మాయో ఏది మనిషో తెలుసుకునేంత తెలివి నాకు లేకపాయె. మీకుంటే సంతోషం."

ఆనాటి నుంచి ఆచారం మారింది.

నబీసాబు తరువాత ఎప్పుడైనా మక్కాకు వెళ్లాడా అని యాత్రికులు అడుగుతుంటారు. వెళ్లలేదు. ఈ కనుమలోనే కన్నుమూశాడు. ఆయన హజ్ ఇక్కడే పూర్తయిందని దూదేకుల కుటుంబాలవారు అంటారు. అలా అనవచ్చునా అన్నది వారి మతపెద్దలు తేల్చుకోవలసిన సంగతి, మాకు సంబంధం లేదు. ఇప్పటికీ ఈ ప్రాంతం నుంచి హజ్‌కు వెళ్లేవారు బయలుదేరే ముందు ఇక్కడికి వచ్చి, ఒక తెల్లగుడ్డ తెచ్చి అమ్మవారికి కప్పిస్తారు. క్రైస్తవ పాదయాత్రికులు ఇక్కడ ఆగి, ఇంటికి ఫోను చేసి మాట్లాడి మరీ ముందుకు పోతారు. పూజారులు ఓబులమ్మ సంతతివారు. హారతి వేళ మంత్రం ఉండదు. వచ్చినవారిని ఇంట్లో ఎవరిని వదిలి వచ్చారని అడుగుతారు. విసుక్కోకుండా చెప్పాలి.

పాగా యాత్రనాడు మోసేవాని భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు కనుమ వరకు వెంట వస్తారు. అతను మలుపు దాటగానే వెనక నుంచి వరస పెట్టి పిలుస్తారు. అతను ఆగి, తిరిగి, వారి దగ్గరికి దిగి వచ్చి, "అంతా బాగుండారా?" అని అడగాలి. బాగున్నామంటే ముందుకు పోతాడు. ఇంట్లో జబ్బు ఉన్నా, దుఃఖం ఉన్నా, పోవద్దని ఒక్కరు అన్నా, పాగాను పిలుపులమ్మ దగ్గర దించి ఇంటికి వెళ్లిపోవాలి. కారణం ఎవరూ అడగరు. ఏడాది నేత అక్కడే ఉండిపోతుంది. ఇంకొకరు దాన్ని తీసుకుపోకూడదు.

ఇక్కడ మొక్కితే ఉద్యోగాలు వస్తాయనీ, సంతానం కలుగుతుందనీ మేము చెప్పము. అలాంటి ఫలాలు కావలసినవారికి వేరే క్షేత్రాలు ఉన్నాయి. కొన్ని సంవత్సరాల్లో శివరాత్రినాడు ఎద్దులకొండకు వచ్చినవారికి శిఖరం మీద పాగా కనిపించదు. కొత్తగా వచ్చినవారు అపచారం జరిగిందేమోనని కంగారుపడతారు. ఈ ఊళ్లవారు మాత్రం చెప్పులు విప్పి, ఆ ఉత్త శిఖరానికి రెండు చేతులూ ఎత్తి మొక్కుతారు. ఈ ఏడు ఎవరో పిలిచారు, ఎవరో తిరిగారు అని పిల్లలకు చెబుతారు.